పస్తు వేరు, ఉపవాసము వేరు

ధ్యాన భాగము: లూకా 9:23–25



శ్రమకాలపు నలువది దినములలో ఏదో యొకటి మానుకొనుట మన సంఘములలో వాడుక. ఒకరు మాంసము మానుదురు, ఒకరు చుట్ట మానుదురు, ఒకరు శుక్రవారము ఒక పూట భోజనము మానుదురు. ఇది మంచి వాడుకయే. అయితే కూలి దొరకిన నాడే పొయ్యి వెలుగు ఇండ్లును మనలో నున్నవి. మానుకొనుటకు ఏమియు లేని ఆ సహోదరుడు తన్ను తాను ఉపేక్షించుకొనుట యెట్లు? ఈ యాజ్ఞ కలిగినవారికి మాత్రమేనా? ప్రభువు అందరితోను ఈ మాట చెప్పెనని లూకా వ్రాసియున్నాడు. గనుక ఈ ప్రశ్నను మనము దాటిపోరాదు.

మొదట ఒక సంగతి తేటపరచుకొందము. అన్నము లేక పండుకొనుట పస్తు. అన్నముండియు దేవుని నిమిత్తము మానుట ఉపవాసము. పస్తు భక్తి కాదు, అది తీర్చవలసిన బాధ. ఆకలిగొనినవానికి ఆహారము పంచిపెట్టుటయే తన కిష్టమైన ఉపవాసమని దేవుడు యెషయా 58వ అధ్యాయములో తెలియజేసెను. కూలివాని కూలి బిగబట్టి, “ఓర్చుకో, ఆత్మకు మేలు” అని చెప్పువాడు సిలువను బోధించుట లేదు, తన లాభమును కాపాడుకొనుచున్నాడు. అట్టి కూలి దేవుని చెవిని పడునట్లు మొఱ్ఱపెట్టునని యాకోబు హెచ్చరించెను (5:4). న్యాయమైన కూలి అడుగుట స్వార్థము కాదు.

మరి ఉపేక్షింపవలసినది ఏది? మత్తయి సువార్త గ్రీకు మూలములో తన్ను తాను ఉపేక్షించుకొనుటకు (16:24) వాడిన క్రియయే, పేతురు ప్రభువును ఎరుగననునని చెప్పిన చోటను (26:34) వాడబడినది. మన తెలుగు బైబిలులో మాటలు వేరగుటచేత ఈ సంబంధము మనకు కనబడదు. పేతురు వల విడిచెను, దోనె విడిచెను, ఇల్లు విడిచెను. కాని ప్రధాన యాజకుని ముంగిట చలి కాచుకొనుచు, తన్ను కాపాడుకొనుటకు ప్రభువును ఎరుగననెను. వస్తువులన్నియు విడిచినను, “నేను” అనువాడు అతనిలో మిగిలియుండెను. ఆ రాత్రి పేతురు ఎరుగననవలసినది ఆ “నేను”నే.

నా మాట నెగ్గవలెను, నా పేరు ముందు చదువవలెను, నాకు కుర్చీ వేయవలెను అనువాడు వాడే. వాడు మేడలోను ఉన్నాడు, పాకలోను ఉన్నాడు. కాబట్టి విడుచుటకు ఏమియు లేనివాడు మనలో ఎవడును లేడు.

దేవుని పనిలోను వాడు చొరబడును. 1876–78 కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ దొరగారు బకింగ్‌హాము కాలువలో కొంత భాగము త్రవ్వించు పని ఒప్పుకొని, ఆకలిగొన్నవారికి పని చూపించిరి. ఆ దినములలో బాప్తిస్మము కోరి అనేకులు వచ్చిరి. లెక్క పెంచుకొనదలచినవారికి అంతకంటె మంచి సమయము లేదు. అయినను, గింజల కొరకు ఎవరును క్రీస్తు పేరు పెట్టుకొనరాదని, సహాయము పంచుచున్నన్నాళ్లు వారు బాప్తిస్మములు నిలిపివేసిరి. అన్నము ఆపలేదు, లెక్కను ఆపిరి. తరువాత 1878 జూలై 3న వెల్లంపల్లియొద్ద గుండ్లకమ్మలో 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఆ పెద్ద లెక్క మనకందరికి జ్ఞాపకమే. దాని ముందున్న నిరీక్షణ నెలలను గూడ మనము జ్ఞాపకముంచుకొనవలెను.

ఇందువలన ఆత్మ ఎదుగుట యెట్లు? వరి నాటువారికి ఇది తెలియును. నారు మడిలో పచ్చగానే యుండును గాని, అక్కడనే విడిచిన దుబ్బు కట్టదు. దానిని పీకి, వేరు కడిగి, దూరదూరముగా నాటిన, కొన్ని దినములు వాడి వ్రాలును. చూచువాడు చచ్చెననుకొనును. పిమ్మట వేరు పట్టి పిలకలు వేయును. “నేను” విడిచిన మొదటి దినములు మనకును అట్లే యుండును. మాట పడినట్లు, ఓడినట్లు తోచును. ఆ వాడిన దినములలో తిరిగి మడికి పరుగెత్తకుండుటయే కష్టము.

ఈ నెల ప్రభు భోజనమునకు ముందు మనము ఒక పని చేయుదము. జానెడు గట్టు కొరకు ఏండ్ల తరబడి మాటలు మానిన అన్నయో తమ్ముడో యున్నయెడల, మనమే ముందు వాని గడప ఎక్కుదము. తప్పు ఎవరిదని లెక్క తేలువరకు ఆగవద్దు. వంటకు ముందు పిడికెడు బియ్యము తీసియుంచు తల్లులనుండి నేర్చుకొందము. గుడిలోని కుండలో కలిసిన పిమ్మట, ఏ గింజ ఎవరి పిడికిలిదో ఎవరికిని తెలియదు. వారు దానిని అడుగనుకూడ అడుగరు.

తన్ను తాను రిక్తునిగా చేసికొనిన ప్రభువు ఆ మనస్సును మనకు దయచేయును గాక. ఆమేన్.