పెన్సిల్ చుక్క

ఆ మూడు నెలలూ చేతిలో డబ్బు లేక చీటీ ఆపానని ఇంట్లో చెప్పాను. అది అబద్ధం. డబ్బు ఉంది. కట్టకపోతే నాకేమీ కాదని లెక్క వేసుకునే ఆపాను.

దిల్‌సుఖ్‌నగర్ సాయిబాబా గుడి దగ్గరి గల్లీలో ఇరవై మందిమి వేసుకున్న లక్ష చీటీ. నెలకు 5 వేలు. మొదటి నెల సొమ్ము చీటీ నడిపే అక్కది, తర్వాత నెలనెలా పాట. మూడో నెలలో 22 వేలు వదులుకుంటానని పాడి 78 వేలు తెచ్చుకున్నాను. కొన్నాళ్లకు ఎల్‌బీ నగర్‌కు ఇల్లు మారాం. మెట్రోలో మూడే స్టేషన్లు. కానీ ఆ గల్లీ ముఖాలు రోజూ ఎదురుపడటం ఆగిపోయింది.

నేను గేమ్ థియరీ చదివినవాణ్ణి. నైరోబీలోని కిబెరా బస్తీలో చీటీల మీద ఆండర్సన్, బలాండ్, మోనె 2009లో రాసిన వ్యాసం నాకు బాగా తెలుసు. ముందే సొమ్ము ఎత్తుకున్నవాడు చివరిదాకా కట్టాలంటే, మళ్లీ చీటీలో చేర్చుకోబోమన్న బెదిరింపు ఒక్కటే చాలదు, చుట్టూ ఉన్నవాళ్ల కట్టడి కూడా కావాలంటారు వాళ్లు. జనాన్ని అర్థం చేసుకోవడానికి చదివిన ఆ మాటను తప్పించుకునే దారిగా వాడుకున్నాను.

కట్టడం ఆపిన నాలుగో నెలలో నిద్ర పట్టక 15 వేలు పట్టుకుని వెళ్లాను. అక్క పొడుగు పుస్తకం తెరిచింది. నా గడులు ఖాళీగా ఉంటాయనుకున్నాను. మూడింట్లోనూ అందరికీ ఉన్నట్టే ఎర్ర టిక్కులు. పక్కన, వంగి చూస్తే తప్ప కనబడని పెన్సిల్ చుక్కలు.

"నేనే కట్టిన తమ్మీ. ఒకరు కడతలేరని తెలిస్తే ఇంకొకరు ఆపుతరు."

ఎదుటివాడు కడతాడన్న నమ్మకం మీదే చీటీ నిలుస్తుందని నేను బోర్డు మీద గీసి చెప్పగలను. ఆ నమ్మకాన్ని నెలకు 5 వేలు పోసి నిలబెట్టింది ఆమె.

ఒక కట్టుబాటు దాన్ని పాటించేవాళ్ల నడవడి వల్లే లోలోపల బలపడవచ్చు, బలహీనపడవచ్చు అని గ్రైఫ్, లైటిన్ అనే పరిశోధకులు 2004లో రాశారు. అది నా కళ్లముందే జరిగింది. తర్వాతి చీటీకి అక్క కొత్త షరతు పెట్టింది: పాట పాడినవాళ్లు ఇద్దరి జమానతు తేవాలి. 1982 చిట్‌ఫండ్ల చట్టం రిజిస్టరైన చీటీల్లో పూచీ అడగమనే అంటుంది, తప్పుపట్టలేను. కానీ అంతవరకూ మాటే జమానతుగా నడిచిన గల్లీ అది. టిఫిన్ బండి పెట్టుకున్న ఒకామె, ఏనాడూ ఒక్క వాయిదా తప్పనిది, ఇద్దరిని తేలేక చేరకుండా వెనక్కి వెళ్లింది.

సంగతి తెలిసి, ఆమెకు నేను జమానతు ఉంటానని అక్కకు ఫోన్ చేశాను. అవతల చాలాసేపు మాట లేదు.

"రెండో మనిషిని చూడు తమ్మీ," అంది చివరికి.