మా ఆటకు సాక్షి ఎవరు?

పోయినేడు దీపావళికి మా దగ్గర చదువుకున్న పిల్లవాడొకడు హైదరాబాదు నుండి ఊరికి వచ్చాడు. మాదాపూర్‌లో కంపెనీ ఉద్యోగం. ఎంత పనున్నా సెలవు పెట్టి దండారికి వస్తాడు కాబట్టి ఊళ్లో అందరికీ అతనంటే ఇష్టం. ఈసారి ఒక కబురు తెచ్చాడు. అమెరికాలో ఉన్న తెలుగువాళ్లు తమ సభలో గుస్సాడి ఆడించాలనుకుంటున్నారట. "సార్, బడి తరఫున ఒక ఉత్తరం కావాలి. ఈ ఇరవై మందీ ఏళ్ల తరబడి ఒకే జట్టుగా ఆడుతున్నారని రాసి సంతకం పెట్టండి, చాలు" అన్నాడు.

ఆ రాత్రి మేము ముగ్గురు టీచర్లం నిద్రపోలేదు. రాస్తే పోయేదేముంది, మన పిల్లలు విమానం ఎక్కుతారు కదా అని ఒకరన్నాం. రాసేది నిజం కాదు కదా అని ఇంకొకరన్నాం.

నిజం ఎందుకు కాదంటే, దండారి అనేది జట్టు కాదు. పోయినేడు నెమలి ఈకల టోపీ పెట్టుకున్నవాడు ఈ ఏడు ఇంట్లో చావు జరిగి ఆగిపోవచ్చు, వాడి తమ్ముడు రావచ్చు. పర్ర కొట్టేవాడు, పెప్రె ఊదేవాడు ఏ ఏడుకా ఏడు ఊరు కలిసి నిలబెట్టుకునేవాళ్లే. అమెరికా చట్టం అడిగేది మరొకటి. అంతర్జాతీయంగా పేరున్న ప్రదర్శన బృందాలకిచ్చే పి-1 వీసాకు సభ్యుల్లో నూటికి 75 మంది కనీసం ఏడాదిగా ఆ బృందంలో ఉండి తీరాలి. బృందం పేరు చాలా కాలంగా దేశదేశాల్లో నిలిచి ఉండాలి. మనవాడు ఉత్తరం అడిగింది అందుకే.

ఆ నియమం పిచ్చిది కాదు. పంజాబులో పాటల బృందం సభ్యులమని రాయించి మనుషుల్ని విదేశాలకు దాటించిన కేసులు కోర్టుల దాకా వెళ్లాయి. దానికి కబూతర్‌బాజీ అని పేరు కూడా పడింది. అలాంటి ఒక్కో అబద్ధపు ఉత్తరం వెనకాల వచ్చే నిజమైన ఉత్తరం మీద అనుమానం పెంచుతుంది. "పోయేదేముంది" అన్న మాట అక్కడే తేలిపోయింది.

మరునాడు అతన్నే కూర్చోబెట్టి నియమాలన్నీ అతని ఫోన్‌లోనే చదివించాం. పి-3 అని ఇంకో దారి ఉంది. ఒక జాతికే ప్రత్యేకమైన కళకు అది. అక్కడ లోకమంతా తెలిసిన పేరు అక్కర్లేదు, 75 మంది లెక్కా లేదు. కానీ ఆ కళ అసలైనదని నిపుణులు ఉత్తరాలు రాయాలి, లేదా పత్రికల్లో వచ్చిన వ్యాసాలు చూపాలి. దరఖాస్తు మనం పెట్టేది కాదు, అక్కడ పిలిచేవాళ్లు పెట్టాలి. అది మంజూరయ్యాక ఒక్కొక్కరూ 205 డాలర్లు కట్టి నానక్‌రాంగూడలో 2023లో తెరిచిన కాన్సులేట్ కొత్త భవనంలో కిటికీ ముందు నిలబడాలి.

నిపుణులు అనే మాట దగ్గర మేము చాలాసేపు ఆగాం. మార్లవాయి కనక రాజు ఎన్నో ఏళ్లు గుస్సాడి ఆడాడు, నేర్పాడు. 2021లో పద్మశ్రీ వచ్చాకే దేశానికి ఆయన నిపుణుడయ్యాడు. 2024లో వెళ్లిపోయాడు. అదే మార్లవాయిలో 1940లలో కాపురమున్న హైమన్‌డార్ఫ్ గోండుల మీద రాసిన పుస్తకాలు ఏ ఆఫీసులోనైనా సాక్ష్యంగా చెల్లుతాయి. ఆయన్ని తప్పు పట్టడం లేదు. 1943లో గోండు టీచర్లకు శిక్షణ మొదలైంది అక్కడే, మా వృత్తికి అదే పుట్టిల్లు. పైగా కాగితం ఎలా కట్టేస్తుందో ఆయనకూ తెలుసు. రెండో ప్రపంచ యుద్ధం వచ్చినప్పుడు చేతిలో జర్మన్ పాస్‌పోర్టు ఉందని బ్రిటిష్‌వాళ్లు ఆయన్ని శత్రుదేశం మనిషిగా లెక్కగట్టి నిజాం రాజ్యం దాటనివ్వలేదు. మన పెద్దలు ఆయన్ని ఏ కాగితమూ అడగలేదు.

ఇంకో ప్రశ్న ఉంది: తిరిగొస్తారా? వీసా అడిగేవాడు అక్కడే ఉండిపోతాడని అమెరికా చట్టం ముందే అనుకుంటుంది. కాదని మనమే నిరూపించాలి. సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ల హెచ్-1బీకి ఆ నిరూపణ అక్కర్లేదు, పి వీసాకు కావాలి. పి వీసాలు పుట్టిందీ, హెచ్-1బీకి ఆ మినహాయింపు దొరికిందీ 1990 నాటి ఒక్క చట్టంలోనే. హైటెక్ సిటీ నుండి వెళ్లేవాడు ఉండిపోవాలనుకున్నా అడ్డం కాదు. దండారి నాటికి ఊళ్లో ఉండకపోతే దేవుడికి ముఖం చూపలేననుకునేవాడు మాత్రం తిరిగొస్తానని రుజువు చూపాలి. అతని దగ్గరున్నది పోడు పట్టా. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం వచ్చిన ఆ భూమి వారసులకు పోతుంది కానీ అమ్మడానికి వీల్లేదు. అంతకన్నా గట్టి కట్టు ఏముంటుంది? బ్యాంకు పుస్తకంలో మాత్రం అది కనిపించదు.

ఇదంతా పటేల్‌కు చెప్పాం. ఆయన అడిగింది వేరు. "అక్కడ దీపావళి నాడేనా ఆడేది?" కాదు, ఎండాకాలం సభ. "ఏత్మాసుర్‌కు పూజ ఉంటుందా? స్నానం మానేసి దీక్షలో ఉంటారా?" ఉండరు. "అయితే అది దండారి కాదు. ఆట. ఆడండి, తప్పు లేదు. శిల్పారామంలో ఆడలేదా? కానీ దండారి అని రాయకండి."

కాన్సులేటు అడగబోయే "అసలైనదేనా" అన్న ప్రశ్నను ఆయన వాళ్లకంటే ముందే, వాళ్లకంటే గట్టిగా అడిగాడు. అసలైనది ఊరు దాటి, కాలం దాటి పోదు. పోయేది దానిలోని ఆట ఒక్కటే. ఆ టోపీ కూడా పోదనుకోండి, నెమలి ఈకల ఎగుమతిని మన దేశమే నిషేధించింది. అమెరికా కంటే ముందు మన కస్టమ్సే ఆపుతుంది.

చివరికి ఉత్తరం రాశాం. ఇరవై మందిలో పోయిన మూడేళ్లూ కలిసి ఆడినవాళ్లు పదకొండు మంది అని రాశాం. మిగతావాళ్లు వాళ్ల అన్నదమ్ములు, మేనల్లుళ్లు, చిన్నప్పటి నుండి చూసి నేర్చుకున్నవాళ్లు అని రాశాం. ఇది దండారి నుండి వేదిక కోసం తీసిన ఆట అని, దీక్ష ఉండదని రాశాం. కింద మా మూడు సంతకాలు, వాటి పైన పటేల్ వేలిముద్ర.

పిల్లవాడు రెండుసార్లు చదివాడు. ముఖం కొంచెం చిన్నబోయింది, దాచలేదు.

"సార్, పటేల్ పేరు పక్కన ఏమని రాయాలి? వాళ్లు హోదా అడుగుతారు."

గుస్సాడి నిపుణుడు అని రాయమన్నాం. రాసుకుని, కాగితం ప్లాస్టిక్ కవరులో పెట్టుకుని, రాత్రి బస్సుకు ఆసిఫాబాద్ వెళ్లిపోయాడు.