దాచుకోవడమా, వాడుకోవడమా

2000లో వచ్చిన హోండా సిటీ వీటెక్‌లో, దాని యజమానుల్లో చాలామంది సరిగా వినని చప్పుడొకటి ఉంది. ఆ ఇంజిన్ క్యామ్‌షాఫ్ట్ మీద ఇన్‌టేక్ వాల్వుల కోసం రెండు రకాల లోబ్‌లుంటాయి. నింపాదిగా నడిపినంతసేపూ చిన్నవే పనిచేస్తాయి. ఇంజిన్ వేగం ఒక దశ దాటగానే ఆయిల్ ప్రెషర్‌కు చిన్న పిన్ను జరిగి రాకర్ ఆర్మ్‌లను కలిపి బిగిస్తుంది. అప్పటినుంచి పెద్ద లోబ్‌దే రాజ్యం. వాల్వులు ఇంకా ఎక్కువగా, ఇంకా ఎక్కువసేపు తెరుచుకుంటాయి, గొంతు మారిపోతుంది. బ్రోచర్‌లో రాసిన 106 హార్స్‌పవర్ ఆ తర్వాతి సంగతి. అమీర్‌పేట సిగ్నళ్ల మధ్య అంతదాకా వెళ్లే పనే పడదు. ఆఫీసుకీ పెళ్లిళ్లకీ తిరుపతికీ తిరిగి తిరిగి, తనకున్న సత్తా ఏమిటో ఎవరూ అడగకుండానే ఆ కారు తుక్కుకు వెళ్లిపోతుంది.

నా సిటీని బాగుచేయించడం వెనకున్న బాధ ఇదే. మెరుగు పెట్టించి, కవరు కప్పి, ఆదివారం మాత్రమే బయటికి తీసేవాళ్లంటే నాకు గౌరవం ఉంది. కానీ వాళ్లు కాపాడేది కారు రూపాన్ని. దాన్ని గీసిన ఇంజినీరు ఏ పని ఊహించుకుని ఆ పిన్ను అక్కడ పెట్టాడో, ఆ పని జరిగినప్పుడే కారు పూర్తిగా బతికున్నట్టు అని నేను నమ్ముతాను.

అయితే ఆ సత్తా ఏమిటో అడగడానికి తగిన చోటుండాలి. హైదరాబాద్ ఓఆర్ఆర్ ఎంత విశాలంగా ఉన్నా అక్కడ పక్క లేన్‌లో ఒక కుటుంబం వెళ్తుంటుంది, వాళ్ల ప్రాణాలతో పందెం కట్టే హక్కు మనకు లేదు. చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో 1990 నుంచి 3.7 కిలోమీటర్ల సర్క్యూట్ ఉంది. అంతకుముందు మద్రాసు రేసులు షోలవరంలోని యుద్ధకాలపు రన్‌వే మీద జరిగేవి. ట్రాక్ డే అంటే పోటీ కాదు. ఎదురొచ్చే బండి ఉండదు, హెల్మెట్ పెట్టుకుని మనకూ కారుకూ ఎంత చేతనవునో చూసుకోవడమే.

పాత కారును ట్రాక్‌కు తయారుచేయడం ఇంజిన్‌తో మొదలవుతుందని చాలామంది అనుకుంటారు. బ్రేకులతో మొదలవుతుంది. టన్ను బరువున్న బండి 140లో వస్తూ మలుపు ముందు 70కి దిగాలంటే దాదాపు 570 కిలోజౌళ్ల శక్తి వేడిగా మారాలి. ఒకటిన్నర లీటర్ల నీళ్లను మరిగించేంత వేడి అది, కొన్ని సెకన్లలో, ఎక్కువ భాగం ముందున్న రెండు డిస్కుల్లోనే. వెనక డ్రమ్ముల మీద పడే భారం తక్కువ. ఆ మలుపు దాటి ఊపిరి పీల్చుకునేలోగా ఇంకో మలుపు. బ్రేక్ ఫ్లూయిడ్‌కు గాలిలోని తేమను పీల్చుకునే గుణముంది. కొత్త డాట్ 4 ఫ్లూయిడ్ కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదని ప్రమాణం, తడి పట్టినదానికి అది 155 మాత్రమే. ఫ్లూయిడ్ మరిగితే గొట్టాల్లో ఆవిరి చేరుతుంది, ఆవిరి నొక్కితే అణిగిపోతుంది, పెడల్ అడుగంటుతుంది. అందుకే మంచి ప్యాడ్లు, కొత్త ఫ్లూయిడ్, కొత్త హోస్‌లు, ఆ తర్వాతే మిగతా మాటలు. వేగంగా పోవాలన్న కోరిక ముందుగా ఆగడం మీద ఖర్చుపెట్టిస్తుంది. ఈ వరస నాకు చాలా నచ్చింది.

తర్వాత రబ్బరు. లోయర్ ఆర్మ్ ఊడదీసి మా మేస్త్రి బుష్ చేతిలో పెట్టాడు. బయటికి గుండ్రంగానే ఉంది. వేలితో నొక్కితే నడిమి గొట్టం చుట్టూ పగులు నోరు తెరిచింది. ఇన్నేళ్ల ఎండ, గుంతలు, ఆయిల్ మరకలు అన్నీ ఆ పగుల్లో ఉన్నాయి. స్టీరింగ్ తిప్పాక కారు ఒక క్షణం ఆలోచించి కదిలినట్టనిపించేది దీనివల్లే. “ఇంత పెట్టే బదులు షోరూంల కొత్తది వస్తది గదా అన్నా,” అన్నాడు, అంటూనే కొత్త బుష్‌కు సబ్బు నీళ్లు రాసి ప్రెస్ కింద నిలబెట్టాడు. కొత్త బుష్‌లతో నడిపి చూస్తే, కారుకు వయసు పైబడిందని నేను అనుకున్నదాంట్లో చాలా భాగం అరచేతిలో పట్టే రబ్బరు ముక్కలదని తెలిసింది. ఎన్ని కార్లను ముసలివని పక్కన పెట్టేస్తున్నామో!

ఇక మార్పులు ఎంతవరకు? చట్టం ఒక గీత గీసింది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు నిర్దేశించిన మౌలిక వివరాలను మార్చకూడదు, 2019లో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. పదిహేనేళ్లు దాటిన కారు ఫిట్‌నెస్ పరీక్షకు నిలబడాలి. ఆ గీత లేకపోయినా నేను ఇంజిన్ మార్పించేవాణ్ని కాదు. ఇంకో కారు గుండె తెచ్చి ఇందులో పెడితే నేను వినాలనుకున్న గొంతు ఇక వినిపించదు. అరిగిపోయేవి మార్చాలి, టైర్లు, షాక్ అబ్జార్బర్లు, ప్యాడ్లు ఇంకాస్త మంచివి వేయాలి, స్వభావాన్ని ముట్టుకోకూడదు. నాకు నేను పెట్టుకున్న హద్దు ఇదే. ట్రాక్ మీద ప్రతి ల్యాపూ ఎంతోకొంత అరగదీస్తుందని తెలుసు. విడిభాగాలు దొరకడం కష్టమవుతోందనీ తెలుసు. బీరువాలో పెట్టినా రబ్బరు పగులుతుంది, కాబట్టి ఆ అరుగుదలకు నేను భయపడను.

వెనక సీటు తీసేయమని తోటివాళ్లంటారు. బరువు తగ్గితే బ్రేకులకూ టైర్లకూ సుఖమే, వాళ్లు చెప్పేది నిజమే. కానీ ఈ కారు నెల్లూరు మీదుగా 600 కిలోమీటర్లకు పైగా తనే నడిచి ట్రాక్‌కు వెళ్తుంది, తనే నడిచి ఇంటికొస్తుంది. సంక్రాంతికి అమ్మను ఊరికి తీసుకెళ్లేదీ ఇదే. అందుకని సీటు ఉంచేశాను. ల్యాప్‌కు అది ఎంత సమయం తింటే అంత తిననీ.