మొక్క నాటే ముందు

మొక్క నాటడం తప్పని ఎవరంటారు? పాలమూరు, నల్లగొండ మెట్టనేలల్లో కరువు దెబ్బ ముందు తగిలేది మన తండాలకు, పెంటలకే. వాన మొహం చాటేస్తే చెలమ ఎండుతుంది, ఇంటికి తాళం పడుతుంది, వలస మొదలవుతుంది. అడవి పెరగాలని మనకన్నా ఎక్కువ కోరుకునేవారు లేరు. అయినా ఒక ప్రశ్న మిగిలే ఉంది. మంచి పని అయితే, మనల్ని అడగకుండానే చేయవచ్చా?

2015లో హరితహారం మొదలైంది. రాష్ట్రంలో పచ్చదనాన్ని 24 శాతం నుంచి 33 శాతానికి పెంచాలన్నది లక్ష్యం. లక్ష్యం మంచిదే. కానీ రాష్ట్రంలో అనేకచోట్ల మొక్కల గుంతలు పోడు చేలల్లో పడ్డాయి. జొన్న వేసుకున్న చేను కాగితంలో ఖాళీ భూమి అయింది. అమ్రాబాద్ పులుల అభయారణ్యం 2,600 చదరపు కిలోమీటర్లకు పైగా ఉంది. ఆ పటంలో చెంచుల తేనె చెట్టు, గడ్డలు తవ్వే చోటు, పెద్దల సమాధి ఎక్కడ కనిపిస్తాయి?

భూమి వేడెక్కడంలో చెంచుల పాలు ఎంత? వారికి ఫ్యాక్టరీలు లేవు, కార్లు లేవు. చల్లబరిచే ఖర్చు మాత్రం వారి నేల నుంచే తీయడం ఏ న్యాయం?

అడవి అందరిది కదా, కొందరు సర్దుకోవాలి అంటారు. నిజమే, సర్దుకోవడం అందరి వంతూ కావాలి. ప్రతిసారీ ఒకరి వంతే వస్తే దాన్ని త్యాగం అనరు, లాక్కోవడం అంటారు.

2006 అటవీ హక్కుల చట్టం ఈ మాటే చెబుతోంది. హక్కుల పరిశీలన పూర్తికాకుండా సాగుదారుని కదిలించకూడదు. అడవిని కాపాడే అధికారం గ్రామసభకూ ఉంది. ఒడిశాలోని నియమగిరిలో 2013లో సుప్రీంకోర్టు గ్రామసభలను అడగమంది. పన్నెండు సభలూ గనిని వద్దన్నాయి. గనికి అడిగినట్టే మొక్కకూ అడగాలి.

కాబట్టి ఏ పథకం వచ్చినా ముందు నాలుగు ప్రశ్నలు వేద్దాం. ఈ నేల నిన్నటిదాకా ఎవరికి ఏమిచ్చింది? రేపు ఎవరి పొయ్యి ఆరుతుంది? ఫలం ఎవరికి? వద్దంటే ఆగుతుందా? కాదనే హక్కు లేనిచోట అవుననే మాటకు విలువ లేదు. సంతకాల పుస్తకం నిండినంత మాత్రాన సమ్మతి దొరికినట్టు కాదు.

ఉపాధ్యాయులకు ఒక మనవి. పిల్లలతో ఊరి పటం గీయించండి. మేకల దారి, ఇప్పచెట్టు, చెలమ, దేవర చోటు అన్నీ ముసలివారిని అడిగి రాయించండి. ఎవరైనా ఇది ఖాళీ భూమి అన్న రోజున ఆ పటాన్ని గ్రామసభలో పరుద్దాం. మొక్కలు ఎక్కడ నాటాలో మనమే చూపిద్దాం.