తెఱచిన త్రాసు

బోధను చెఱకు రైతు తన బండిని కాటాపై నెక్కించినప్పుడు ముల్లు వంక చూచుట కతనికి హక్కు గలదు. శక్కర్‌నగర్ చక్కెర కర్మాగారము 2015లో మూతపడినది. ఆ హక్కు మూతపడలేదు. నిజామాబాదులో నింట కూర్చుండి కంపెనీల వాటాలు కొనుచు నమ్ముచు నుండువారికి నేడు కంప్యూటరే కాటా.

దానిని నడుపు ఆపరేటింగ్ సిస్టములలో నొకటి లినక్సు. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ ఆరంభించిన దీని సోర్సుకోడు ఎల్లరకును తెఱచియున్నది. లండను స్టాక్ ఎక్స్‌ఛేంజి 2011లో లినక్సుపై నడచు వ్యాపారయంత్రాంగమునకు మాఱినది. కోడు చదువనేరని మనకు దీనివలన నేమి లాభమని కొందఱందురు. కాటాను విప్పి చూడనేర్చిన రైతు లెందఱు? విప్పి చూడగలవా డొక్కడైన నుండునన్న జంకు తూచువానికి చాలదా?

ఐనను ఒక మాట దాచరాదు. లినక్సుపై మనము నడుపుకొను బ్రోకరువారి సాఫ్టువేరు తఱచుగా మూసిన పెట్టెయే. త్రాసును తెఱచియుంచి తూనికరాళ్లను గుడ్డక్రింద దాచినట్లు. ఆ గుడ్డ తీయుడని మేమును నేటివఱకు నడుగలేదు.