గడియారం విప్పిన మొద్దబ్బాయి

పదో తరగతి పరీక్షలు దగ్గరపడ్డాయంటే తిరుపతి, చిత్తూరు వైపు ఇళ్లలో మొక్కులు మొదలవుతాయి. హాల్ టికెట్లు దేవుడి పాదాల దగ్గరికి చేరతాయి, కొందరు పిలకాయలు కొండమీద గుండు కొట్టించుకుంటారు. మొక్కులో తప్పేం లేదు. కానీ "వాడికి చదువు మీద ధ్యాసే లేదు" అని వాపోయే ఇంట్లో, ఆ ధ్యాస మరి ఎటు పోయిందని అడిగేవాళ్లు తక్కువ.

1895లో మదనపల్లెలో పుట్టిన తత్వవేత్త జిడ్డు కృష్ణమూర్తి అలా ధ్యాస లేదనిపించుకున్నవాడే. మలేరియా వల్ల బడికి వెళ్లని రోజులెన్నో. పదేళ్ల వయసులో తల్లి సంజీవమ్మ చనిపోయింది. 1909లో కుటుంబం అడయారు చేరాక, మైలాపూరు బడిలో పాఠం అప్పజెప్పలేక మాటిమాటికీ బెత్తం దెబ్బలు తిన్నాడు. అయివార్ల లెక్కలో మొద్దు. ఇంట్లో గడియారం ఊడదీసి, మళ్లీ బిగించేదాకా బడికి వెళ్లను, అన్నం ముట్టను అని భీష్మించిందీ ఈ మొద్దే!

అదే ఏడాది దివ్యజ్ఞాన సమాజానికి చెందిన లెడ్‌బీటర్ అతనిలో కాబోయే జగద్గురువును చూశాడు. బడి మాన్పించి, విడిగా చదువు చెప్పించారు. అయినా పరీక్షలు లొంగలేదు. ఇంగ్లండులో లండన్ విశ్వవిద్యాలయ ప్రవేశ పరీక్ష పదేపదే తప్పాడు. బెత్తం పక్కన పెడితే మార్కులు వాటంతట అవే వస్తాయని నమ్మేవారికి ఇది మింగుడుపడని సంగతి.

భయం, బహుమతి, పోలిక: ఈ మూడూ నేర్చుకునే మనసును పాడుచేస్తాయని కృష్ణమూర్తి జీవితాంతం చెప్పారు. సైకిలు కొనిస్తామంటే పిల్లవాడి చూపు సైకిలు మీదే ఉంటుంది, లెక్క మీద కాదు. నిజమే. కానీ కూలికి పోయే తల్లి "అట్లయితే వీడు రేపు ఎట్ల బతకాల?" అంటుంది. ఆ ప్రశ్నకు ఆయన ప్రసంగాల్లో నేరుగా జవాబు దొరకడం కష్టం.

కొంత జవాబు మదనపల్లె దగ్గర ఆయన స్థాపించిన రిషివ్యాలీ పాఠశాల చుట్టుపక్కల పల్లెబడుల్లో దొరికింది. 1980ల చివర్లో పద్మనాభరావు, రమ దంపతులు అక్కడ పాఠ్యపుస్తకాన్ని చిన్న చిన్న కార్డులుగా విడగొట్టారు. గోడమీద నిచ్చెనలాంటి పటం ఉంటుంది. తను ఏ మెట్టు మీదున్నాడో పిల్లవాడే చూసుకుని, ఆ మెట్టు మీది బొమ్మ గుర్తున్న కార్డు తీసుకుంటాడు. ఒకే గదిలో ఐదు తరగతులు, ఒక్కరే టీచరు. వేరుశనక్కాయలు పీకే రోజుల్లో బడి మానేసినవాడు తిరిగొస్తే, క్లాసు తనను దాటిపోయి ఉండదు. ఆపిన కార్డు దగ్గరే మళ్లీ మొదలుపెడతాడు. పక్కవాడితో పోటీ లేదు, ఫెయిలనే మాట లేదు. ఆ తల్లికి ప్రసంగాల కంటే ఈ అట్టముక్కలే ఎక్కువ పనికొచ్చాయనిపిస్తుంది.

ఈ పద్ధతే తర్వాత తమిళనాడు ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలకు స్ఫూర్తినిచ్చింది. అయితే ఆ నిచ్చెన ఐదో తరగతితో ఆగిపోతుంది. ఆరులో చేరినవాడికి మళ్లీ మార్కుల జాబితానే ఎదురవుతుంది.