చ్యవన మహర్షి వెల - జటాయువు ఋణము

మహాభారతమున ఆనుశాసనిక పర్వమందు భీష్మ పితామహుడు ధర్మరాజునకు చెప్పిన కథలలో చ్యవన మహర్షి వృత్తాంతమొకటి కలదు. గోమహిమను చెప్పు సందర్భమున మన పౌరాణికులు దీనిని తఱచుగా ఉదాహరింతురు. కాని అందలి చేపల మాట వచ్చునప్పటికి త్వరపడి దాటిపోవుదురు. నేనును చాలకాలము అట్లే దాటిపోతిని.

గంగాయమునల సంగమమున చ్యవనుడు పండ్రెండేండ్లు జలమధ్యమున తపస్సు చేసెను. చేపలు ఆయనను నమ్మి, జంకు లేక చుట్టును తిరుగాడుచుండెను. ఒకనాడు జాలరులు పెద్దవల వైచి లాగగా చేపలతో పాటు మహర్షియు ఒడ్డునకు వచ్చెను. నాచు పట్టిన జడలతో, మేనికంటుకొనిన గుల్లలతో ఉన్న ఆ రూపమును చూచి జాలరులు వణకుచు సాష్టాంగపడిరి. మహర్షి తన్ను గూర్చి చింతింపలేదు. నేలపై కొట్టుకొనుచున్న చేపలను చూచి నిట్టూర్చి, ఇంతకాలము వీనితో కలసియుంటిని, ఇప్పుడు విడువజాలను, వీనితో ప్రాణములైన విడుతును, లేదా వీనితో కూడ అమ్ముడుపోవుదును అనెను.

జాలరులు పరుగున పోయి నహుష మహారాజునకు విన్నవించిరి. రాజు వచ్చి చేతులు జోడింపగా మహర్షి పలికిన మొదటి మాట గమనింపదగినది. ఈ బెస్తలు మిక్కిలి శ్రమపడిరి, చేపల వెలతో పాటు నా వెలయు వీరికిమ్ము అనెను. రాజు వేయి ఇచ్చెదననెను. తగదనెను. లక్ష, కోటి, అర్ధరాజ్యము, తుదకు రాజ్యమంతయు ఇచ్చెదననెను. అదియు తగదనెను. రాజు దిక్కుతోచక యుండగా గోగర్భమున జన్మించిన ఒక వనవాసి ముని వచ్చి, విప్రునకును గోవునకును వెల కట్టరాదు గనుక గోవునే వెలగా నిమ్మని ఉపాయము చెప్పెను. అప్పుడు మహర్షి సంతసించి లేచెను.

ఈ కథ నాకు మరల జ్ఞప్తికి వచ్చుటకు ఒక బాలుని ప్రశ్న కారణము. మా ఇంటికి వచ్చి అరణ్యకాండము చదువుకొను విద్యార్థి, జటాయువు ఘట్టమున ఆగి, “గురువుగారూ, గృధ్రమనగా గ్రద్దయేనా అండీ?” అని అడిగెను. కాదు నాయనా, రాబందు అంటిని. “అది ఎట్లుండునండీ?” అనెను. చేయెత్తి చూపుదమన్న ఆకాశమున అది లేదు. మా చిన్ననాట ఊరి వెలుపల చచ్చిన గొడ్డును పడవేసిన కొంతసేపటికే ముప్పది నలుబది పక్షులు దిగి, సాయంకాలమునకు ఎముకలు మాత్రము మిగిల్చి పోయెడివి. మేము ముక్కు మూసికొని దూరముగా నడిచెడివారము. రాబందు ఇంటిపై వ్రాలిన అరిష్టమనియు, శాంతి చేయవలయుననియు చెప్పినవారిలో నేనును ఒకడను. ఆ దక్షిణ పుచ్చుకొన్న చేతితోనే ఇది వ్రాయుచున్నాను.

ఆ పక్షులు ఏమైనవి? 1990 దశకమున డైక్లోఫెనాక్ అను నొప్పి మందు చౌకగా లభించుట ఆరంభమై, రైతులు పశువులకు దానిని వేయించిరి. ఇది దయతో చేసిన పనియే. కాని ఆ మందు దేహమున ఉండగా పశువు మరణించినచో, ఆ కళేబరమును తిన్న రాబందునకు మూత్రపిండములు చెడి కొలది దినములలో చచ్చును. ఈ కారణము 2004లో పాకిస్తానులో జరిగిన పరిశోధనవలన వెల్లడియయ్యెను. 2006లో మన ప్రభుత్వము పశువైద్యమున ఆ మందును నిషేధించెను. కాని అప్పటికే చాల ఆలస్యమైనది. 1992లో తెల్లవీపు రాబందులు వేయి ఉండినచో 2007 నాటికి ఒక్కటి మిగిలినది. ఇతర జాతుల గతియు ఇంచుమించు ఇట్టిదే.

వాని పని చేయువారు లేకపోయిరి. కళేబరములు క్రుళ్ళి నీటిలో కలసెను. వానిని తిని ఊరకుక్కలు పెరిగెను, వానితో పిచ్చికుక్క కాటు భయమును పెరిగెను. ఎయల్ ఫ్రాంక్, అనంత్ సుదర్శన్ అను ఇరువురు అర్థశాస్త్రవేత్తలు రాబందులు పూర్వము విరివిగా నుండిన జిల్లాలను, లేని జిల్లాలతో పోల్చి చూచి 2024లో ఒక లెక్క ప్రకటించిరి. 2000 మొదలు 2005 వరకు సుమారు అయిదు లక్షలమంది మనుష్యులు అదనముగా మరణించిరట. ప్రాణాపాయమును కొంత తగ్గించుకొనుటకు మనుష్యుడు ఎంత ధనము వెచ్చించునో దానినిబట్టి గణించి, ఆ నష్టము ఏడాదికి 6,940 కోట్ల డాలర్లని తేల్చిరి.

దైవసృష్టికి డాలర్లలో వెల కట్టుటయా అని ఆస్తికులు కొందరు చెవులు మూసికొందురు. నాకును మొదట అట్లే తోచినది. కాని చ్యవనుడు వెల అడిగినందుకు సిగ్గుపడలేదు, నహుషుడు లెక్క చెప్పినందుకు కోపింపలేదు. బెస్తల శ్రమను ఊరక పోనీయరాదని ఆయన భావము. నేటి పాలకుల చిట్టాలలో వెల వ్రాయని వస్తువు సున్నగా పరిగణింపబడును. పక్షిని కాపాడుటకు, అడవి కావలివానికి జీతమిచ్చుటకు, మందు మార్పించుటకు ధనము కావలయుననగా “దానివలన ఏమి లాభము?” అను ప్రశ్న వచ్చుచున్నది. ఆ ప్రశ్నకు ఈ లెక్క చక్కని ఉత్తరమే.

అయినను ఇందొక చిక్కు కలదు. రేపు కళేబరములను దహించు యంత్రములు ఊరూర వెలసినచో రాబందు వెల పడిపోవును గదా! అప్పుడు దానిని చావనీయవచ్చునా? ఇచ్చటనే వేయి, లక్ష, కోటి అన్నియు చాలక నహుషుడు నిలిచిపోయినాడు.

జటాయువును చూడుడు. ముసలి పక్షి రావణునితో పోరి రెక్కలు పోగొట్టుకొనెను. సీతను రక్షింపజాలకపోయెను. రావణుడు దక్షిణముగా పోయెనని చెప్పగలిగెనే గాని, ఆ మాటయు పూర్తిగాక మునుపే ప్రాణము పోయెను. ఫలమునుబట్టి లెక్కించిన ఎంత వచ్చును? శ్రీరాముడు మాత్రము సీతాహరణముకన్న ఈ గృధ్రము మరణమే తన్ను ఎక్కువగా బాధించుచున్నదని లక్ష్మణునితో చెప్పి, తండ్రికి చేయవలసిన సంస్కారము దానికి చేసెను. యజ్ఞములు చేసినవారికి, యుద్ధమున వెన్నుచూపనివారికి, భూదానము చేసినవారికి కలుగు గతులను దానికి ప్రసాదించెను. భద్రాచలము చెంత ఏటపాకలోను, లేపాక్షిలోను, కంచి దగ్గర తిరుప్పుట్కుళిలోను మనవారు నేటికిని ఆ కథను స్థలముతో ముడిపెట్టి చెప్పుకొనుచున్నారు.

ఇక చేయదగిన పని. రాబందులకు హాని చేయని మెలాక్సికామ్ అను మందు పశువులకు పనికివచ్చునని తేలినది. కీటోప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్ అను మరి రెండింటిని 2023లో పశువైద్యమునుండి నిషేధించిరి. హర్యానాలోని పింజోరు కేంద్రమున రాబందులను పెంచుచున్నారు. మన తెలంగాణమున బెజ్జూరు అడవిలోని పాలరాపు గుట్టపైనను ఇవి గూళ్ళు కట్టుకొనిన సంగతి 2013 ప్రాంతమున బయటపడినది. అయితే నిషేధించిన మందు అమ్ముడుపోవుట పూర్తిగా ఆగలేదు. మనుష్యుల కొఱకు చేసినది పశువులకు చేరుచున్నది.

దేవాలయములకు అనుబంధముగా గోశాలలు అనేకములు కలవు. గోపూజ చేయు మనమే ఆవునకు ఏ సూది వేయించుచున్నామో అడుగక పోయిన ఎట్లు? ఆ బాలుని వెంటబెట్టుకొని మా సమీపమున ఉన్న గోశాలకు పోతిని. అచ్చటి పెద్దాయన మొదట విస్తుపోయి, పిదప బీరువా తెఱచి మందుల పెట్టెను మా ముందర పెట్టినాడు. బాలుడు ఒక్కొక్క సీసాపై పేరు కూడబలుకుకొని చదువుచుండగా నేను కాగితముపై వ్రాసికొంటిని. రెండు సీసాలను ప్రక్కకు తీసి పెట్టితిమి. మరునాడు పశువైద్యుడు వచ్చి చూచి, వానిని మార్చినాడు.